చాలునని చెప్పువాడు

మాఘమాసము ముగియవచ్చి శివరాత్రి దగ్గఱపడినకొలది మా సూర్యాపేట, కోదాడ ప్రాంతపు రైతుల మాటలన్నియు ఎడ్లమీదికి మరలును. మేళ్లచెరువు శివాలయపు జాతరలో జరుగు బండలాగుడు పందెములకు కృష్ణ కావలి యొడ్డునుండి కూడ జతలు వచ్చును. ఆ పెద్దపందెమును చూచివచ్చిన చిన్న గ్రామములవారు తమ తిరునాళ్లలోను బరి గీసి బండను దింపుదురు. ఎండలు ముదురువఱకు ఏదో యొక యూర పందెము సాగుచునే యుండును. అట్టి పందెములలో నేను కొన్ని సంవత్సరములుగా జీతములేని కొలువు చేయుచున్నాను. ఆ కొలువులో ఒకనాడు నేను చేసిన తప్పును, దానివలన నాకు పట్టిన యాలోచనను ఇందు వ్రాయదలచితిని.

మాది ఆత్మకూరు. తెలుగుదేశమున ఆత్మకూరులు పెక్కు గలవు గనుక సర్కారువారు మా యూరిపేరు ప్రక్కన సూర్యాపేటకు గుర్తుగా ఎస్ అను నక్షరమును తగిలించిరి. ఆ యక్షరము మఱచినచో మా యుత్తరములు నంద్యాల జిల్లాకో నెల్లూరికో పోయి తిరిగివచ్చును. నేను పశువైద్యశాలలో ముప్పది సంవత్సరములు కాంపౌండరుగా పనిచేసి విశ్రాంతి తీసికొన్నవాడను. డాక్టరును కాను. సూదివేయుట, కట్టుకట్టుట, అడ్డము తిరిగిన దూడను సవరించి తీయుట, పశువు చనిపోయినపుడు రైతు ప్రక్కన మాటలాడక నిలుచుట, ఇవి నేర్చినవాడను. ఉద్యోగము వదలిన పిమ్మట ఇంట కూర్చుండలేక, పిలిచినవారి పందెములకు పోయి బల్లయొద్ద కూర్చుండుట కలవాటుపడితిని.

బల్లయొద్ద పనియేమనగా, ఎడ్ల నోరు తెఱచి పండ్లు చూచుట. పందెమునకు వచ్చిన జతలను పండ్లనుబట్టి తరగతులుగా విభజింతురు: పాలపండ్లవి, రెండుపండ్లవి, నాలుగుపండ్లవి, ఆఱుపండ్లవి, ఆపైన పెద్దయెడ్లు, వేఱుగా సేద్యపుటెడ్లు. పశువునకు పైదవడ ముందుభాగమున పండ్లుండవు. క్రిందిదవడలోని యెనిమిది పాలపండ్లలో నడిమి రెండును రెండేండ్ల ప్రాయము దాటిన పిదప ఊడి, వాని స్థానమున వెడల్పైన పండ్లు వచ్చును. తక్కినవి క్రమముగా జతజతగా మాఱును. కావున ఎద్దు వయస్సు దాని నోటనే వ్రాసియుండును. వయస్సు తగ్గించి చెప్పుకొనుట మనుష్యులకే గాక ఎడ్లకును కలదని నేను ఆ బల్లయొద్దనే నేర్చుకొంటిని. అయితే అబద్ధమాడునది ఎద్దు కాదు.

తరగతి నిర్ణయమైన పిదప చీట్లు తీసి వరుస యేర్పఱతురు. బరిపొడవున మన్ను చదునుచేసి, క్వింటాళ్ల బరువుగల బండకు గొలుసు తగిలించి, కాడి కట్టిన జతచేత దానిని ఒక కొనకు లాగించి, త్రిప్పి, మరల లాగింతురు. ఈల మ్రోగి కాలము ముగియునప్పటికి ఏ జత యెన్ని అడుగులు లాగెనో టేపుపట్టి కొలిచి, ఎక్కువ దూరము లాగినదానికి మొదటి బహుమానమిత్తురు. చెప్పుటకు ఇంతమాత్రమే. కాని తెల్లని ఒంగోలు జత, మూపురములు కదలుచుండగా మెడలు వంచి, ముందుకాళ్లు మడిచినంతగా క్రుంగి, కదలనిబండను కదల్చినపుడు వేలమంది గొంతులు ఒక్కసారి లేచునే, ఆ క్షణము నాకు ప్రియమైనది. దీనిని దాచి సంస్కారిని అనిపించుకొనుట నాకిష్టము లేదు. నా తండ్రి రెండెడ్ల సేద్యము చేసి మమ్ము పెంచినవాడు. ఎద్దు బలము చూచి సంతోషించుట నాకు పాలతో వచ్చినది. సముద్రముదాటి బ్రెజిలుదేశమునకు పోయిన మన ఒంగోలు పశువు అక్కడ నెలోరి యను పేర కోట్లకొలది వృద్ధిచెందినది. ఇక్కడనో, ట్రాక్టరు వచ్చిన తరువాత ఎద్దునకు పొలమున పనిపోయినది. పందెములు లేకున్న ఇంతటి యెద్దులను మేపువాడెవడని పందెగాండ్రు అడుగుదురు. ఆ ప్రశ్నలో కొంత నిజము లేకపోలేదు.

2019వ సంవత్సరమున శివరాత్రి మార్చి 4వ తేదీన వచ్చెను. ఆ తరువాత కొన్నాళ్లకు ఒక గ్రామమున పందెము జరిగినది. ఆ గ్రామము పేరు చెప్పను. చెప్పినను తప్పు ఆ యూరిది కాదు. సాయంకాలము, ఎండ వాలిన పిదప, పెద్దయెడ్ల తరగతిలో ఒక జతను నా బల్లయొద్దకు తెచ్చిరి. పండ్లు చూచితిని. సరిగా నుండెను. జత వెనుదిరిగి పోవుచుండగా కుడిప్రక్క యెద్దు ఎడమ వెనుకకాలిని పూర్తిగా నేలమీద మోపక, రెప్పపాటు ముందుగా ఎత్తివేయుట నా కంటబడినది. అది కుంటు కాదు. చూడనేర్చిన కంటికి మాత్రమే తెలియునట్టి యొక తొట్రుపాటు. ముప్పది సంవత్సరములు ఎడ్ల కాళ్లు చూచినవాడను. నాకు తెలిసినది.

నేను లేచితిని కూడ. “ఆ యెద్దు కాలొకసారి చూతును” అంటిని. ప్రక్కనున్న యువకుడు నవ్వుచునే, “సారూ, మీరు పండ్లు జూడున్రి. కాళ్లు జూడుమని మీకెవరు జెప్పిన్రు?” అనెను. అతడు అమర్యాదగా అనలేదు. నిజముగనే నాకెవ్వరును చెప్పలేదు. డప్పులు మ్రోగుచుండెను. ఆ జతవెంట వచ్చిన వారి గ్రామస్థులు కండువాలు తిప్పుచుండిరి. మైకులో యజమాని పేరు, ఊరిపేరు చదివిరి. నేను మరల కూర్చుంటిని.

మూడవసారి బండ త్రిప్పిన పిదప ఆ యెద్దు వెనుకకాలు మడతపడి క్రుంగెను. లేచెను. చెర్నాకోల దెబ్బలు పడెను. మఱి కొన్ని అడుగులు మూడుకాళ్లమీదనే లాగి, కాడితోసహా ప్రక్కకు ఒఱగెను. జోడు ఎద్దు మెడ మెలివడి అఱచినది. జనము ఒక్కసారి నిశ్శబ్దమైరి. నేను పరుగెత్తి పోయి కాలు తాకితిని. మడమపైని పెద్ద నరము తెగియుండెను. మనము నరమందుము గాని, అది కండను ఎముకకు బిగించు త్రాడువంటిది; అంతకుముందే నొచ్చియున్న త్రాడు, బరువు పడగా తెగినది. డాక్టరుగారు వచ్చి చూచి, ఈ యెద్దు బ్రదుకును గాని యిక పనికి రాదనిరి. అర్ధగంట తరువాత పందెము మరల సాగెను. నేను పండ్లు చూచుచు బల్లయొద్దనే కూర్చుంటిని. సిగ్గుపడవలసినది ఇదియే: ఆ రాత్రి చివరిజతవఱకును నేను అక్కడనే యుంటిని.

ఇంటికి వచ్చి చెప్పగా మా అమ్మాయి, ఆమె కోదాడలో బడిపంతులమ్మ, చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, “నాయినా, కొట్టుడు తప్పని నీకు ఎర్కనే. నువ్వు ఆడ కుర్సీల కూసుంటే అది తప్పుగాదని అందరికి జెప్పినట్టే” అనినది. మఱునాడు 1960వ సంవత్సరపు జంతుహింస నివారణ చట్టమును తెచ్చి చదివి వినిపించెను. పశువును కొట్టుట, మించిన బరువు లాగించుట మాత్రమే గాక, రోగముచేతగాని గాయముచేతగాని పుండుచేతగాని పనికితగని పశువును పనికి పెట్టుటయు ఆ చట్టముప్రకారము నేరమే. 2014 మే 7వ తేదీన సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండ్ల పరుగును నిషేధించుచు, పశువునకు ఆకలిదప్పులనుండియు భయమునుండియు నొప్పినుండియు విముక్తి యుండవలెనని చెప్పిన మాటలను కూడ చదివెను. (ఆ తరువాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర ప్రభుత్వములు చట్టములు సవరించుకొనగా, 2023 మే 18న అదే న్యాయస్థానపు ఐదుగురు న్యాయమూర్తులు ఆ సవరణలను సమ్మతించిరి.) చట్టమున్నదని నాకు మునుపే తెలియును. బరిలో దాని పేరెత్తువాడు లేడనియు తెలియును. నేను వారికి కావలసినది చట్టము చెప్పుటకు కాదు, పండ్లు లెక్కించుటకు.

ఆ మఱుసటి రెండు సంవత్సరములు కరోనా మూలమున నేనెక్కడికిని పోలేదు. ఇక పోనని కూడ అనుకొంటిని.

నా మేనల్లు డొకడు అమెరికాలోని అలాస్కా రాష్ట్రమున ఆంకరేజి నగరములో ఒక ఆసుపత్రియందు లెక్కలు వ్రాయుచుండును. భూగోళము పైకొనకు దగ్గఱనుండు దేశమది. మార్చినెలలో కూడ అచ్చట నేల కనబడదని అతడు చెప్పును. 2022 మార్చిలో ఒకరాత్రి అతడు ఫోను చేసి, “మామా, నేను గూడ నీ లెక్కనే పందెంల జీతంలేని పని జేస్తున్న” అనెను. అది కుక్కల పందెము. మంచుమీద జాఱు బండికి కుక్కలను పూన్చి, ఆంకరేజినుండి పడమటి సముద్రపుటొడ్డుననున్న నోమ్ అను పట్టణమువఱకు, కొండలు, గడ్డకట్టిన యేఱులు దాటుచు, ఇంచుమించు వేయిమైళ్లు పోవుదురు. మనకు హైదరాబాదునుండి ఢిల్లీకి రోడ్డుదారి యెంతయో దాదాపు అంత. దాని పేరు ఇడిటరాడ్. 1973లో మొదటిసారి జరిగినపుడు గెలిచినవానికి ఇరువది దినములు పట్టెనట. ఇప్పుడు తొమ్మిది పది దినములలో ముగింతురు.

ఆ ప్రాంతమున కుక్కబండి ఒకప్పుడు వినోదము కాదు. 1925 జనవరిలో నోమ్ పట్టణమున పిల్లలకు కంఠసర్పి వ్యాధి సోకినది. మందు రైలుమీద నెనానా యను చోటికి మాత్రమే రాగలిగెను. అక్కడినుండి 674 మైళ్లు ఇరువదిమంది మనుష్యులు, నూటయేబది కుక్కలు, ఒకరి చేతినుండి మఱియొకరి చేతికి మందుపెట్టె నందించుకొనుచు, అయిదున్నర దినములలో చేర్చిరి. ఎద్దువలె ఆ కుక్కయు పనిచేసి మనుష్యులను బ్రదికించినదే. మంచుమీద నడచు యంత్రపు బండ్లు వచ్చి కుక్కలకు పనిపోగా, ఆ విద్య నశించిపోవునని యెంచి జో రెడింగ్టన్ మొదలగువారు ఈ దూరపు పందెమును నిలిపిరి. ఇది విన్నపుడు మా పందెగాండ్ర మాట నాకు జ్ఞప్తికి వచ్చెను. పనిపోయిన పశువును పందెమే కాపాడునను వాదము భూమికి రెండుప్రక్కలను ఒక్కటియే.

మేనల్లుని పని యెట్టిదనగా, దారిమధ్యమున దిగవిడిచిన కుక్కలను చిన్న విమానములమీద ఆంకరేజికి తెత్తురు. ఆ విమానములు నడుపువారును జీతములేనివారే. వచ్చిన కుక్కలను దింపి, కాగితముమీద పేరు చూచి ఆ పేరున పిలిచి, నీళ్లుపెట్టి, వైద్యునికి చూపి, యజమానునివారు వచ్చువఱకు గడ్డిపఱపుమీద కనిపెట్టుకొని యుండవలెను. ఇటువంటి సేవకులు పందెమంతటికి వేయిమందికి పైగా నుందురు. కొన్నేండ్లపాటు ఈ దిగవిడిచిన కుక్కలను ఈగిల్ రివర్ అను చోటనున్న కారాగారములోని స్త్రీఖైదీలు సాకిరని అతడు చెప్పగా నాకు ఆశ్చర్యము కలిగినది. సంకెలలోనున్నవారి చేతికి అలసిన ప్రాణి నప్పగించుటలో ఏదో తెలివియున్నది.

నేను కాంపౌండరును గనుక నియమములు అడిగితిని. అతడు విడమరచి చెప్పెను. పందెమునకు ముందు ప్రతి కుక్కకును రక్తపరీక్ష, గుండె పరీక్ష చేయుదురు. ప్రతి కుక్క చర్మముక్రింద గుర్తుబిళ్ల యుండును. పాదములకు గుడ్డ జోళ్లు తొడుగుదురు. ఒకసారి ఇరువదినాలుగు గంటలు, రెండుమార్లు ఎనిమిదేసి గంటలు తప్పక ఆగి విశ్రమింపవలెను. తోలువాడు ఒక పుస్తకమును తనవెంట మోయవలెను. మజిలీలయందు వైద్యులు కుక్కలను చూచి, ఆ పుస్తకములో వ్రాయుదురు. ఒకడు పదునాలుగు కుక్కలకు మించి కట్టరాదని 2019నుండి అప్పటివఱకు నియమముండెను. గమ్యము చేరునపుడు కనీసము ఐదు త్రాటికి ఉండవలెను. ఈ చివరిమాటయొద్ద నేను ఆపితిని. పదునాలుగు కట్టి ఐదింటితో చేరవచ్చునా యంటిని. “చేరచ్చు మామా. ఈడ కుక్కను దిగవెట్టుడంటే ఓడిపోవుడు గాదు. మంచిగ తోలెటోడే ముందుగాల దిగవెడ్తడు” అనెను.

1985లో ఈ పందెమును గెలిచినది లిబ్బీ రిడిల్స్ అను స్త్రీ యనియు, ఆ మఱుసటి యేటినుండి సూసన్ బుచర్ నాలుగుమార్లు గెలిచెననియు కూడ అతడు చెప్పినాడు. మా బరిలో స్త్రీ కాలుపెట్టుటయే అరుదు. ఈ సంగతి మా అమ్మాయికి చెప్పగా, “కుక్కకేమి లాభం?” అనినది. ఆమెకు సమాధానము చెప్పుట ఎప్పుడును కష్టమే.

ఆ ఫోను తరువాత నాకు ఒక విషయము నిద్రపట్టనీయలేదు. కుంటుచున్న యెద్దును నేను చూచితిని సరే. నిత్యము దానికి మేతవేసి, ఒడలు తోమి, కాళ్లు కడుగువానికి అది కనబడకుండునా? వేసవిలో ఒకనాడు బస్సెక్కి ఆ యజమానిని వెదకికొనుచు పోయితిని. వేపచెట్టుక్రింద ఆ యెద్దు నిలుచుండెను. మూడేండ్లయినను అమ్మలేదు. వెనుకకాలు వంకరగా నుండెను. ఒడలు మాత్రము శుభ్రముగా, ఎముక కనబడక యుండెను. యజమాని నన్ను గుర్తుపట్టి నులకమంచము వాల్చి, మజ్జిగ ఇప్పించెను. నేను త్రాగక, “ఆనాడు ఈ యెద్దు కాలు నేను చూచితిని. చెప్పలేదు” అంటిని.

అతడు కొంచెముసేపు ఎద్దువంక చూచి, “నాకూ ఎర్కనే సారూ. పొద్దుగాల లారీల కెల్లి దించేటప్పుడే జూసిన” అనెను.

మఱి యేల ఆపలేదని నేను అడుగలేదు. అతడే చెప్పెను. “లారీ కిరాయి అప్పుజేసిన. ఊరోళ్లు పదిబండ్ల మీద ఎంటవడి వచ్చిరి. ఒక్క ఎద్దును ఆపుతనంటే రెండోది ఒంటిగ లాగుతదా? జతంత ఆగె. ఏ మొకం వెట్టుకొని ఊరికి పోదు?”

నేను తిరిగివచ్చుచు బస్సులో ఈ మాటనే త్రిప్పి త్రిప్పి యోచించితిని. ఉత్తరదేశపు తోలువానికి పెక్కు కుక్కలు. అలసినదానిని విడిచినను పందెమున్నది, పేరున్నది, ముందుకు దారియున్నది. కావున దయ చూపుటకు అతనికి చోటున్నది. పైగా అలసినది త్రాటికి వ్రేలాడుచుండిన బండికే నష్టము గనుక, దయయు లాభమును ఒకవైపే నడచును. మన కాడి అటువంటిది కాదు. రెండు మెడలకు ఒక్క మ్రాను. ఒక యెద్దు కాలునొప్పి రెండవ యెద్దు బలమును, యజమాని అప్పును, ఊరి గౌరవమును ఒక్కసారి నేలపాలుచేయును. తన యెద్దును బిడ్డవలె చూచుకొనువాడే ఆ క్షణమున చూచియు చూడనివాడగును. ఇంకొక యెద్దును తెచ్చి కాడిలో మార్చుకొన రాదా యని చదువరులు అడుగవచ్చును. జోడు అట్లు కుదరదు. ఎత్తు, అడుగు, పొగరు కలిసి, ఏండ్లతరబడి కలిసి నడచినవే జత యగును. మార్చిన మెడకు కాడి ఒఱగి మఱింత గాయపఱచును.

అందుచేత క్రూరుడవని యజమానిని నిందించిన లాభములేదని నాకు తోచినది. నా బల్లయొద్దనున్న అధికారమును మార్చవలెను. విరమించినవాని నష్టమును తగ్గింపవలెను. కొన్ని కమిటీలతో మాటలాడితిని. అందఱును చిరునవ్వుతో టీ యిప్పించి పంపిరి. ఒక చిన్న గ్రామపు కమిటీవారు మాత్రము విని, 2023లో ఒప్పుకొనిరి. నేను అడిగినవి పెద్దవి కావు. చీట్లు తీయుటకు ముందే, జనము లేనిచోట, ప్రతి యెద్దును కాడిలేకుండ గట్టినేలమీద ఇరువది అడుగులు నడిపించి చూడవలెను. చేతివెనుక భాగముతో కీళ్లు తాకి వేడి యున్నదేమో చూడవలెను. మెడమీద కాడి రాచిన పుండు, గిట్టల నెఱ్ఱె, జ్వరము చూచి పుస్తకములో వ్రాయవలెను. సందేహమున్న పశువును డాక్టరుగారికి చూపవలెను, వారిమాటయే కడపటిమాట. పక్కకు తప్పించిన జతకు వచ్చిపోవు లారీ కిరాయి, మేతఖర్చు కమిటీ యిచ్చి, అందఱు జతల యజమానులతోపాటు శాలువ కప్పి, మైకులో పేరు చదివి, మఱుసటియేడు ప్రవేశరుసుము లేకుండ పిలువవలెను.

ఈ చివరిదానిమీద పెద్ద గొడవ జరిగినది. కుంటియెద్దును తెచ్చి కిరాయి దండుకొందురని ఒకరు, ఓడినవానికి శాలువయేమని మఱియొకరు అనిరి. శాలువ లేక కిరాయి మాత్రమిచ్చిన అది బిచ్చమగును, ఎవ్వడును పుచ్చుకొనడని ఒక ముసలి రైతు చెప్పగా, అతని మాటకు ఊరుకొనిరి. నాకన్న ఆయనకు మనుష్యులు బాగుగా తెలియును.

మొదటి యేడు ఒక్క జతయు విరమించలేదు. ఒకడు తన యెద్దును నడిపించి చూపుటకే ఒప్పక, నాలుగు మాటలని, బండిలో నెక్కించుకొని వెడలిపోయెను. అతని యెద్దున కేమైనదో, అసలేమైనను అయ్యెనో లేదో తెలియదు. ముల్లుగఱ్ఱను కమిటీవారు బరిలోనికి రానీయలేదు. చెర్నాకోలను మాత్రము తీయింపలేకపోయితిమి. గాలిలోనే ఆడింతుమని చెప్పుదురు. గాలికి చాఱలు పడవు.

2024లో శివరాత్రి మార్చి 8వ తేదీ. ఆ యేటి కుక్కల పందెము మార్చి 2న మొదలై, మేము జాగరణ చేయు రాత్రి కుక్కలింకను దారిలోనే యుండెను. మఱి కొన్నాళ్లకు మేనల్లుడు ఫోనుచేసెను, గొంతు బాగుగలేదు. ఆ యేడు దారిలో మూడు కుక్కలు చనిపోయినవి. రక్తపరీక్ష, గుండెపరీక్ష, పుస్తకము, గడ్డిపఱపు, వేయిమంది సేవకులు, ఇంత యుండియు మూడు. అచ్చటకూడ ఈ పందెమును మాన్పవలెనని చాలకాలముగా పోరాడువారున్నారు. పేరుమోసిన కొన్ని కంపెనీలు ధనసహాయము నిలిపివేసినవి. “నేను జేస్తున్నది మంచిదేనా మామా?” అని అతడడిగెను. నాకు తెలియదంటిని. నిజముగా తెలియలేదు. వచ్చిన కుక్కలకు ఆ రాత్రి నీళ్లుపెట్టితివా యని మాత్రమడిగితిని. పెట్టితిననెను.

ఆ సంవత్సరమే మా చిన్న గ్రామపు పందెములో మొదటిసారి ఒక జత విరమించినది. యజమాని తానే బల్లయొద్దకు వచ్చి, “సారూ, దీని ముందుకాలు జర జూడున్రి” అనెను. చూచితిని, కీలు వేడిగా నుండెను. డాక్టరుగారు కాదనిరి. శాలువ కప్పునపుడు జనములో నలుగురు నవ్విరి గాని, చప్పట్లు కొట్టినవారును లేకపోలేదు.

2025లో శివరాత్రి ఫిబ్రవరి 26న వచ్చెను. అటు అలాస్కాలో చాలినంత మంచు లేక పందెపు ఆరంభమును ఉత్తరమున ఫేర్‌బాంక్సుకు మార్చిరి. ఇటు మాకు పగలు ఎండ తాళలేక బల్లను మఱ్ఱిచెట్టుక్రిందికి జరిపితిమి. నా చూపు తగ్గినది. చిన్నగడులలో వ్రాయలేకపోవుచున్నాను. ఎవరిని తోడు తీసికొనిపోదునా యని యింట అనుకొనుచుండగా, మా అమ్మాయి ఏమియు ననక చెప్పులు తొడిగికొని నావెంట బస్సెక్కెను. దారిలో, “నా మాట మారలేదు నాయినా. ఈ పందెం ఉండద్దు. కని ఉన్నన్నాళ్లు రాసెటోళ్లుండాలె” అనినది.

బరియొద్ద ఆడుమనిషి కూర్చున్నదని కొందఱు తేఱిపాఱ చూచిరి. ఆమె పుస్తకము ముందు పెట్టుకొని, నేను చెప్పుచుండగా వ్రాయసాగెను: నాలుగుపండ్లు, జ్వరము లేదు, మెడ శుభ్రము. అయిదవజతలో కుడియెద్దు మోకాటియొద్ద వాపు కనబడినది. యజమాని ఇరువదియేండ్ల కుఱ్ఱవాడు. వాదింపలేదు. పలుపు పట్టుకొని తలవంచుకొని నిలుచుండెను. డాక్టరుగారు వచ్చి చూచి తలయూపిరి.

మా అమ్మాయి కలము నెత్తి, “దీని పేరేంది?” అని వానినడిగెను. వాడు తనపేరు, తండ్రిపేరు, ఊరిపేరు చెప్పెను.

“నీ పేరు గాదు బిడ్డా. ఎద్దు పేరు.”

వాడు తలయెత్తి చెప్పెను. నా పుస్తకములో ఎద్దు పేరునకు గడి లేదు. మూడేండ్లుగా ఎడమ, కుడి యనియే వ్రాయుచుంటిమి. ఆమె ప్రక్కవాని నడిగి స్కేలు తెప్పించుకొని, పుట మొదటినుండి తుదివఱకు మఱియొక గీత గీసి, అంతకుముందు చూచి పంపిన నాలుగు జతలను మరల పిలిపించెను.